తలుపులు వేసుకుని లోపలే ఉన్నాం

2015 ఏప్రిల్ 25, శనివారం. నేపాల్ కొండల్లో నేల కదిలింది మన గడియారం ప్రకారం ఉదయం పదకొండు గంటల నలభై ఒక్క నిమిషానికి. విజయనగరంలో మూడో అంతస్తులో ఉన్న మా ఇల్లు ఊగింది మాత్రం పదకొండూ నలభై ఆరుకు. మధ్యలోని అయిదు నిమిషాలూ ఆ అల మా వైపు ప్రయాణం చేస్తూ ఉందన్నమాట. ఈ లెక్క ఆ రోజు తెలియదు, తరువాత వేసుకున్నాను. నేను ఒక జూనియర్ కాలేజీలో గణితం చెబుతాను. తేదీ, వేళ రాసి పెట్టుకోనిదే ఏ సంగతీ జరిగినట్టు నాకు అనిపించదు.

వేసవి సెలవులు. ఆ సమయానికి నేను స్నానాల గదిలో పొందూరు చీరకు గంజి పెడుతున్నాను. బొక్కెనలో గంజినీళ్లు తమంతట తామే ఒక అంచును తాకి, వెనక్కి వచ్చి, రెండో అంచును తాకాయి. తల తిరిగిందనుకుని గోడ పట్టుకున్నాను. గోడ కూడా నిలకడగా లేదు. ముందు గదిలోంచి మా ఆయన “గాలేటి?” అని అడిగారు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి కొబ్బరిచెట్టు మట్ట కదలడం లేదు. గాలి లేదని కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన బాల్కనీ తలుపు గడియ పెట్టారు, నేను వంటింటి కిటికీ బిగించాను. ఆయన కుళాయిలన్నీ తిప్పి బిందెలు నింపసాగారు. నేను రెండు ఫోన్లూ ఛార్జింగులో పెట్టి, సొరుగులో కొవ్వొత్తుల కోసం వెతికాను. పై అంతస్తులోనూ, కింది అంతస్తులోనూ గడియలు పడుతున్న చప్పుడు వినిపించింది. మెట్లమీద ఎవరి అడుగూ వినబడలేదు.

అందుకు కారణం ఉంది. అంతకు ఆరు నెలల ముందు, 2014 అక్టోబరు 12న, మా జిల్లా మీదుగా హుద్‌హుద్ తుఫాను వెళ్లింది. కరెంటూ నీళ్లూ లేకుండా గడిపిన ఆ రోజులు మా చేతులకు ఒక పాఠం నేర్పాయి. ఏదైనా ఊగితే తలుపులు వేయాలి, నీళ్లు పట్టాలి, పక్కా ఇంట్లో కదలకుండా కూర్చోవాలి. అల మరికాస్త పెద్దదై ఉంటే మేమందరం నిండు బిందెల మధ్య, బిగించిన గడియల వెనుక, ఎంతో క్రమశిక్షణతో చనిపోయి ఉండేవాళ్లం.

టీవీ పెట్టాక సంగతి తెలిసింది. నేపాల్‌లో పెద్ద భూకంపం. ఇళ్లలోంచి బయటకు వచ్చేయమని తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి. అప్పటికి నా చేయి ఇంకా కిటికీ గడియ మీదనే ఉంది. దాన్ని చూసుకున్న క్షణంలో నాకు రెండు విషయాలు వరసగా తట్టాయి. మా అప్ప, బావ ఆ కొండల్లోనే ఉన్నారు. మా బావ కూడా నేను చేసిన పనే చేసి ఉంటాడు.

అప్ప నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. భోగాపురం వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లో కాపురం. బావకు వరిచేను, జీడితోట, నాలుగు గేదెలు. ఏప్రిల్ రెండో వారంలో చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు కలిసి ఒక యాత్రబస్సు మాట్లాడుకున్నారు. మా వైపు ఇది మామూలే. బస్సు నెత్తిన బియ్యం బస్తాలు, చింతపండు, గ్యాస్ పొయ్యిలు, గుండిగలు కట్టుకుని, వెంట వంటమాస్టారుని పెట్టుకుని బయలుదేరతారు. కాశీ అయినా, ఖాట్మండు అయినా మన చారన్నం మనం తినవలసిందే. ఈ బస్సుకు పెద్ద మా బావ. ఎవరూ ఎన్నుకోలేదు, హుద్‌హుద్ నాడే ఆ పెద్దరికం ఆయనకు వచ్చేసింది.

ఆ రోజు వీధివాళ్లందరినీ ఆయన తన స్లాబింట్లోకి తోలాడు. తలుపుకు అడ్డంగా పందిరిమంచం నిలబెట్టి, దానికి తన వీపు ఆనించాడు. మధ్యలో గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అయిపోయిందనుకుని కొందరు కుర్రాళ్లు ఇళ్లు చూసుకోవడానికి లేచారు. ఇది సగమే, తిరుగుగాలి ఉంది, ఎవడు కదిలినా కాళ్లు విరగ్గొడతానని బావ తలుపు దగ్గరనుంచి జరగలేదు. తిరుగుగాలి ఎదురు దిక్కునుంచి రానే వచ్చింది. ఆ కుర్రాళ్లు వెళ్లాలనుకున్న రేకులషెడ్డు మర్నాడు చెరకుతోటలో కనిపించింది. ఆనాటినుంచి ఆ ఊళ్లో బావ మాటకు తిరుగు లేదు. ఆ మాటే ఇప్పుడు అక్కడ మా అప్పను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి ఉంటుందని నాకు రూఢిగా తెలుసు. అప్పకు మోకాళ్లు అరిగిపోయాయి. లేవాలంటే ఒకరు చేయి ఇవ్వాలి, పరుగు అన్న మాటే లేదు.

వాళ్ల ఫోన్లు అక్కడ పనిచేయవు. యాత్ర నడిపించే ఆయన సరిహద్దులో ఒక నేపాల్ సిమ్ము కొన్నాడు, ఆ నెంబరు మా అందరి దగ్గరా ఉంది. శనివారం పగలంతా అది మోగలేదు. సాయంత్రం ఏడు దాటాక ఆ నెంబరునుంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కబురు వచ్చింది. అందరం క్షేమం. స్లాబు సత్రంలో ఉన్నాం. తలుపులు వేసుకుని లోపలే ఉన్నాం. కంగారు పడవద్దు.

ఆ కబురుతో నాలుగూళ్లూ ఊపిరి పీల్చుకున్నాయి. అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టారు. అప్ప కొడుకు నాకు ఫోన్ చేసి, “పిన్నీ, ఇంక భయం నేదు. నాన్న తలుపులేయించీసేడట” అన్నాడు. అతడి గొంతులో అంత నిశ్చింత ఉంది. ఆ కబురులోని ఒక్కొక్క మాటా వాళ్లకు ధైర్యం ఇచ్చింది, అదే మాట నన్ను భయపెట్టింది. తలుపులు తీసుకుని బయటే ఉన్నాం అని రాసి ఉంటే నేను ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

ఆదివారం ఉదయం పది దాటాక ఆ నెంబరు మోగింది. యాత్ర నడిపించే ఆయన ఎత్తి, బావకు ఇచ్చాడు. వాళ్లున్నది పోఖ్రా నుంచి ఖాట్మండు వెళ్లే దారిలో, కొండవాలున, రోడ్డు పక్కనున్న రెండంతస్తుల సత్రం.

“ఏటే గుంటా, ఏడుపేటి?” అన్నాడు బావ. నేను ఏడవడం లేదు. ఆయన పలకరింపు అంతే.

“బావా, ముందు అందర్నీ బయిటికి తీసుకురా. ఆ ఇల్లు ఒగ్గీ.”

“బయిట వాన పడతంది. సలి. మీ అప్ప మోకాళ్లు పట్టీసినాయి. ఇది స్లాబిల్లే, నాను కట్టించినట్టే ఉన్నాది.”

తరువాత ఆయన తన లెక్క వివరించాడు. శనివారం మొదట ఒక ఊపు వచ్చింది. అరగంటకు దాదాపు అంతటిదే రెండోది వచ్చింది. మొదటిది వచ్చే గాలి, మధ్యలోది గాలికన్ను, రెండోది తిరుగుగాలి. ఇక మిగిలినవి చిన్న చిన్న జల్లులు. రాత్రంతా అవే పడ్డాయి, ఏ గోడా పడలేదు. మొదటి ఊపుకు సత్రంవాళ్లు బయటకు పరుగెత్తితే తానే కేకలేసి బస్సువాళ్లందరినీ లోపలికి తోలి గడియ పెట్టించానని కొంత గర్వంగా చెప్పాడు. ఆయన తర్కంలో ఒక్క మెట్టు కూడా తప్పు లేదు. ఎక్కిన మేడే వేరు.

నేను శాస్త్రజ్ఞులు చెబుతున్నది చెప్పాను. ఇంకా పెద్దవి రావచ్చని, పగుళ్లు పట్టిన ఇంట్లోకి వెళ్లవద్దని టీవీలో వస్తున్నదంతా వరసగా అప్పజెప్పాను. టీవీవాళ్లు చెప్పినట్టల్లా చేసి ఉంటే హుద్‌హుద్‌కు మనం ఎక్కడ ఉండేవాళ్లమని ఆయన నవ్వాడు. ఇంతలో అప్ప ఫోన్ లాక్కుంది.

“ఒలే, నువ్వు నెక్కల మేస్టారమ్మవి గానీ గాలివాన మేస్టారమ్మవి కావే. మీ బావకి సెప్పకు. ఈ సలిలో నన్ను బయిట కూకోబెడితే నేల ఊగక్కర్నేదు, నానే ఊగిపోతాను.”

వెనకాల నలుగురైదుగురు నవ్వడం వినిపించింది. వంటమాస్టారు ఎవరినో కరివేపాకు తెమ్మంటున్నాడు. వాళ్లు స్థిరపడిపోయారు. ఇంకొక గంటలో అన్నాలు తిని, తలుపులు బిగించుకుని పడుకుంటారు. నాకు కావలసింది కొత్త సంగతి కాదు, ఆయనకు ముందే తెలిసిన సంగతి. అప్పను ఫోన్ బావకు ఇమ్మన్నాను.

“బావా, ఒక్క మాట సెప్పు. హుద్‌హుద్ రోజు గేదెల్ని ఎందుకిప్పీసేవు?”

“అదేం పెశ్నే? పాక మీద పడితే కట్టుకొయ్యకే సచ్చిపోతాయి. ఇప్పీస్తే వాటి దారి అవి సూసుకుంటాయి.”

“పాకెందుకు పడతాది?”

“అది నిలబడే సరుకు కాదు గనక.”

“గాలి పక్కనుంచి కొడతాది, స్లాబిల్లు ఆపుతాది. ఇది కిందనుంచి కొడతంది బావా. దీనికి స్లాబు కూడా నిలబడే సరుకు కాదు. నువ్విప్పుడున్నది ఇల్లు కాదు, పాక. నువ్వు గడియ పెట్టింది కట్టుకొయ్యకి.”

వాన చప్పుడు, ఎవరిదో దగ్గు, పొయ్యి మీద నీళ్ల రొద వినిపించాయి. ఫోన్ తెగిపోయిందేమో అనుకున్నాను.

“అంటే మమ్మల్ని ఇప్పీమంటావు” అన్నాడు చివరకు, చాలా నెమ్మదిగా.

“ఇప్పీ బావా. బేగి.”

అప్పుడు నిజంగానే తెగిపోయింది. పది గంటల ఇరవై రెండు నిమిషాలు. మళ్లీ ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఇంట్లో కూర్చోలేక, మా ఆయన బండి మీద ఇద్దరం అప్ప ఊరు వెళ్లాం. నేను చెప్పినదంతా అప్ప కొడుకుకు చెప్పాను. అతడి ముఖం మారింది. సుఖంగా గదిలో ఉన్నవాళ్లను వానలోకి, కొండరాళ్ల కిందకి వెళ్లమన్నావా అని అడిగాడు. మాట వీధిలో పాకింది. బస్సులో తల్లినో తండ్రినో పంపినవాళ్లు ఒకరొకరుగా వచ్చి పశువులపాక ముందు నిలబడ్డారు. బావకు పెద్దమ్మ వరస అయ్యే ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, “సదువుకున్న నోరు, ఊరుకుంటాదేటి. ఆడు సేసిన కట్టుదిట్టం ఇప్పీసింది” అంది. మా అప్పకు ఏదైనా అయితే వాళ్ల లెక్కలో ఆ బాధ్యత ఇక నాది. అది నాకు తెలుసు. అయినా పాక ముందు అరుగు మీదనే కూర్చున్నాను. నేను చెప్పిన మాటలో తప్పు లేదని అప్పుడూ నాకు అనుమానం లేదు. బావ దాన్ని అందరి చేతా చేయించాడా లేదా అన్నదొక్కటే తెలియవలసి ఉంది.

పన్నెండూ నలభై తరువాత పక్కింటి టీవీ గొంతు పెరిగింది. నేపాల్‌లో మళ్లీ పెద్ద భూకంపం, పన్నెండూ ముప్ఫై తొమ్మిదికి. మూడో గాలి. మా వైపు ఏ తుఫానుకూ మూడో గాలి ఉండదు. అరుగు ముందున్నవాళ్లెవరూ ఇళ్లకు పోలేదు, నాతో మాట్లాడనూ లేదు. ముసలామె మాత్రం లోపలికి వెళ్లి ఒక చెంబుతో మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టి, తానూ కూర్చుంది.

సాయంత్రం ఆరు కావస్తుండగా ఫోన్ మోగింది. అప్ప.

“గుంటా, నా మోకాళ్లు బాగానే ఉన్నాయే. ఇల్లే కూకుండిపోనాది.”

నేను ఫోన్ అప్ప కొడుకు చేతిలో పెట్టి, పాకలోకి వెళ్లి గేదె మెడ మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాను.

జరిగినది తరువాత ఒకరి తరువాత ఒకరు చెప్పారు. ఫోన్ తెగాక బావ ఎవరికీ కారణాలు చెప్పలేదు. తలుపులన్నీ తీయమన్నాడు. నిన్న వేయమన్నవాడే ఇవాళ తీయమంటున్నాడని ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. హుద్‌హుద్ ఇచ్చిన ఆ నమ్మకమే వాళ్లను లోపల కూర్చోబెట్టింది, అదే బయటకు తెచ్చింది. అప్పను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చారు. సత్రం కింద మెట్లుగా దిగే మొక్కజొన్న మడులున్నాయి. బావ తన సంచిలోని పొందూరు పంచెలు నాలుగూ తీసి కొయ్యలకు కట్టించాడు. ఆ సన్న నూలులోంచి వాన నేరుగా అన్నంలోకే పడుతోందని అందరూ నవ్వితే, వంటమాస్టారు బస్సు నెత్తినున్న టార్పాలిన్ విప్పుకొచ్చాడు. చారు పొయ్యి మీద ఉండగానే మడి మడంతా పక్కకు జరిగినట్టయింది. లేచి నిలబడినవాళ్లు పడిపోయారు. సత్రం పై అంతస్తు దిగి కింది అంతస్తు మీద కూర్చుంది. వాళ్లు పక్కలు వేసుకున్న గది ఆ కింది అంతస్తులోనిది.

సత్రం చూసుకునే ఆయనకు ఒక ముసలి తల్లి ఉండేది. కుర్చీలో వణుకుతున్న అప్పను చూసి ఆమె లోపలికి వెళ్లి ఒక కంబళి తెచ్చి భుజాల మీద కప్పింది. కాళ్లకు కూడా కావాలని సైగ చేసి, రెండోదాని కోసం మళ్లీ వెళ్లింది. బావ చూసి, వెళ్లవద్దని వెనకనుంచి అరిచాడు. తెలుగులో అరిచాడు. ఆమె వెనక్కి తిరిగి, వస్తానన్నట్టు చేయి ఊపి, లోపలికి నడిచింది. మర్నాడు ఆమె దహనానికి బావ, వంటమాస్టారు కట్టెలు మోశారు.

ఈ సంగతి అప్ప నాకు చెప్పలేదు, బావ ఒక్కసారే చెప్పాడు. నా మాటవల్ల బయటకు వచ్చినవాళ్ల లెక్కలో ఆమె కూడా ఉంది, ఆమె లోపలికి వెళ్లిన కారణంలోనూ ఆ మాటే ఉంది. ఈ రెంటినీ ఒకదానితో ఒకటి కొట్టివేసే పద్ధతి గణితంలో నాకు తెలియదు. ఆ మాట మళ్లీ చెప్పవలసి వస్తే అలాగే చెబుతాను. కంబళ్లు బయటకు తెచ్చుకున్నారా అని కూడా ముందే అడుగుతాను.

బస్సును వెనక రమ్మని వదిలి, మే 3న వాళ్లు రైలు దిగారు. విజయనగరం స్టేషన్లో అప్పను చక్రాల కుర్చీలో తెస్తుంటే, ఒళ్లో మడతపెట్టిన కంబళి ఉంది, ఆ ఎండలో.

మే 12, మంగళవారం. అప్పను చూడడానికి నేను ఆ ఊరు వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక, వంటింట్లో గిన్నెలో పాలమీగడ ముడతపడింది. నేను గడియారం చూసేలోగా బావ అప్ప చేయి పట్టుకుని పెరట్లోకి నడిపిస్తున్నాడు. ఆమెను జీడితోటలో మంచం మీద కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి, నాలుగు గేదెలనూ విప్పి తోలాడు. వీధిలో యాత్రకు వెళ్లని ఇళ్ల కిటికీలు టపటపా మూసుకున్నాయి. నేపాల్‌లో ఆ రోజు మళ్లీ పెద్దదే వచ్చిందని, పన్నెండూ ముప్ఫై అయిదుకని తరువాత తెలిసింది. మా వైపు పాలు కదలడం తప్ప ఏమీ కాలేదు.

ఎదురింటాయన కిటికీ సందులోంచి చూసి, “ఏటి మావా, గేదెల్ని ఇప్పీసేవు? గాలేదీ?” అన్నాడు.

“గాలి నేదు గనకే ఇప్పేను. నువ్వూ బయిటికి రారా” అన్నాడు బావ.

ఆయన నవ్వాడు, కాని వచ్చాడు. ఆయన వెనకే భార్య, చేతిలో నీళ్లబిందెతో. అలవాటు ఒక్క రోజులో పోదు. ‘నాలుగేళ్ల నాడు తిత్లీ వచ్చినప్పుడు’ అని మొదట రాసినదాన్ని కొట్టివేసి, ఆరేళ్ల నాడని దిద్ది, ఇప్పుడు ఏడేళ్ల నాడని రాస్తున్నాను; ఈ కాగితం ముగించడానికి అంత కాలం పట్టింది. 2018 అక్టోబరులో ఆ తుఫాను శ్రీకాకుళం వైపు తీరం దాటుతున్న రాత్రి, ఇక్కడ గాలి మొదలవగానే, బావ అందరినీ లోపలికి తోలి తలుపుకు పందిరిమంచం అడ్డం పెట్టాడు. పెట్టే ముందు గేదెలను విప్పాడు, నాకు ఫోన్ చేసి ఇది గాలేనా అని అడిగాడు. గాలే అన్నాను.

లెక్క ఇది.

పోయినవి: సత్రం చూసుకునే ఆయన తల్లి. ఆ సత్రం. రెండు బస్తాల బియ్యం, ఒక గ్యాస్ పొయ్యి, పెద్ద గుండిగ. బావ నాలుగు పొందూరు పంచెల్లో మూడు, మడిలోనే వదిలి రావలసి వచ్చింది. అప్ప వెండి కుంకుమభరిణె. గంజిలో మరిచిపోయి పాడైన నా చీర.

ఉన్నవి: బస్సులో వెళ్లిన ప్రతి మనిషీ. అప్ప, ఆమె మోకాళ్లు, వాటిమీద ఆమె వేసే జోకులు. బావ పెద్దరికం. ఒక పంచె. ఒక కంబళి, ప్రతి మార్గశిరంలో అప్ప దాన్ని ఎండకు వేసి మళ్లీ మడతపెడుతుంది, కప్పుకోదు.